ఇద్దరే ఉన్న వంటగది

చైనాలోని మియన్‌యాంగ్‌లో కూరగాయల సంత పడగొట్టి కార్ల పార్కింగ్ కడతామని నోటీసు అంటించిన వారం, హ్వైజెన్ తన వంటగదిలో చిక్కుడుకాయలు ఒలుస్తూ ఒక మాట అంది.

"కొనేది మనం, అమ్మేది మనవాళ్ళు. పడగొట్టే ముందు ఒక్కడైనా మనల్ని అడిగాడా అక్కా?"

ఎదురుగా ఉన్నది రుయ్‌ఫెన్ ఒక్కతే. నూలు మిల్లులో పాతికేళ్ళు పక్కపక్క మగ్గాల మీద పనిచేసి, రిటైరయ్యాక కూడా ఒకే బిల్డింగులో పై అంతస్తులో ఉంటున్న మనిషి.

"మెల్లగా అనవే," అంది నవ్వుతూ.

వారం తిరక్కుండానే పోలీసు స్టేషన్ నుంచి ఫోను, వచ్చి టీ తాగి వెళ్ళమని. అదేం టీయో హ్వైజెన్‌కి తెలుసు. కుర్ర పోలీసు నిజంగానే గ్లాసు ముందు పెట్టాడు.

"సంత గురించి మనసు కష్టపెట్టుకున్నారట కదా పిన్నిగారూ."

"ఎవరన్నారు?"

"ఎవరైతే ఏముందిలెండి. మీ అబ్బాయి సర్కారు బళ్ళో టీచరు కదా. ఆయన గురించైనా ఆలోచించాలిగా."

ఇంక నోరెత్తనని మాట తీసుకుని గంటలో పంపేశాడు.

దారంతా అదే ఆలోచన. ఆ మాట ఆవిడ ఎక్కడా రాయలేదు, గడప దాటి అనలేదు. ఆ రోజు వంటగది బల్ల మీద ఫోను ఉన్న మాట నిజమే, అదే విని ఉండొచ్చు. కానీ నిలదీసి కడిగేద్దామంటే ఫోనుకి మొహం లేదు. రుయ్‌ఫెన్‌కి ఉంది.

మర్నాడు మెట్ల మీద రుయ్‌ఫెన్ పలకరించింది.

"నాతో మాట్లాడకక్కా. మళ్ళీ వెళ్ళి అప్పజెప్పాలి, నీకు శ్రమ," అంది హ్వైజెన్.

రుయ్‌ఫెన్ మొహం పాలిపోయింది. గబగబా మెట్లెక్కి వెళ్ళిపోయింది. అలా వెళ్ళిపోయేసరికి హ్వైజెన్ అనుమానం ఇంకా గట్టిపడింది.

నెలాఖరులో రుయ్‌ఫెన్‌నీ పిలిచారు. పొద్దున వెళ్ళిన మనిషి దీపాలు వెలిగే వేళకి గోడ పట్టుకుంటూ మెట్లెక్కింది. చాడీ చెప్పిన మనిషే అయితే ఇలా చెయ్యరని హ్వైజెన్‌కి తోచింది. వేడి నూడుల్స్ గిన్నె తీసుకుని పైకెళ్ళి తలుపు తట్టింది. రుయ్‌ఫెన్ గొలుసు తియ్యకుండా సందులోంచి చూసింది.

"అక్కా, తప్పయిపోయింది. నిన్ను అనుమానించాను."

"నిన్ను గంటలో వదిలేశారు. నన్ను రోజంతా కూర్చోబెట్టారు," అంది రుయ్‌ఫెన్. "నీ వంటగదిలో 'మెల్లగా అనవే' అన్నానే, అది కూడా పొల్లుపోకుండా చెప్పారు. ఏం చెప్పి బయటపడ్డావే?"

"ఏమీ చెప్పలేదక్కా. నోరెత్తనని మాటిచ్చానంతే."

"ఆ రోజు మెట్ల మీద నువ్వు అడిగుంటే నేనూ 'ఏమీ చెప్పలేదు' అనే చెప్పేదాన్ని."

తలుపు మూసుకుంది.

సంత పోయింది, పార్కింగ్ వచ్చింది. ఇప్పటికీ ఇద్దరూ మెట్ల మీద ఎదురైతే ఆగి మాట్లాడుకుంటారు. ఎండ గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాత్రమే. ఇరుగుపొరుగుకి స్పష్టంగా వినబడేలా, కాస్త గట్టిగానే.