కొమ్ముకోనం పడ్డ రోజు

షామీర్‌పేట చెరువులో ముప్ఫై ఏళ్లుగా వల వేస్తున్న యాదయ్య ఎన్నడూ సముద్రం చూడలేదు. చూడాలన్న ఆశ పుట్టించింది ఫణిభూషణ్.

ఫణిభూషణ్‌ది విశాఖపట్నం. ఉద్యోగం హైదరాబాదులో, ఇల్లు దూలపల్లిలో కొత్తగా లేచిన కాలనీలో. ఆదివారం వచ్చిందంటే గేలం కర్రతో చెరువు కట్ట మీద ఉండేవాడు. మొదట్లో ఒక్క చేపా పడేది కాదు. బొచ్చె చేపలు ఏ పొద్దుకు ఏ దిక్కున తిరుగుతాయో యాదయ్యే చూపించాడు. "యాదయ్య గారూ" అని పిలిస్తే ముసిముసిగా నవ్వేవాడు.

"గారు ఏంది సార్, నన్ను గట్లెవరూ పిల్వరు."

ఆరేళ్లయినా ఫణిభూషణ్ ఆ పిలుపు మానలేదు.

విశాఖలో అతనికి సొంత బోటు ఉంది. ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్లి, నడిసముద్రంలో మనిషంత చేపలకు గేలం వేసేవాడు. పడినదానికి ఫోటో తీసి మళ్లీ నీళ్లలోనే వదిలేసేవాడు. ఆ సంగతి విని యాదయ్య భార్య శివమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

"పట్టిన చేపను ఇడిసిపెట్టనీకి గంత దూరం పోవుడేంది సార్?"

అయినా భర్తను పొమ్మన్నది ఆమే. "ఒక్కపారి పోయి సూసి రారాదు. చెరువు యాడికి పోదు" అంది.

ఫిబ్రవరిలో ఇద్దరూ వెళ్లారు. తెల్లవారుతుండగా బోటు హార్బర్ దాటాక యాదయ్య లేచి నిలబడి చుట్టూ చూశాడు. ఎటు చూసినా నీళ్లే. ఫణిభూషణ్ వైపు తిరిగాడు.

"గిన్ని నీళ్లకు కట్ట యాడున్నది సార్?"

ఫణిభూషణ్ నవ్వలేదు. "లేదండీ" అన్నాడు.

కాసేపటికి ఫోన్లలో సిగ్నల్ పోయింది. పన్నెండుకల్లా ఒడ్డు చేరాలని ముందే అనుకున్నారు. పదిన్నరకు బోటు నడిపే కుమార్ "ఇక తిప్పేద్దామా సార్" అంటుండగానే వెనక బిగించిన గేలం కర్ర విల్లులా వంగింది. రీలు గిర్రున తిరుగుతోంది, దారం ఆగకుండా పోతోంది. దూరాన నీళ్లు చీల్చుకుని, కత్తిలాంటి మూతితో ఒక చేప గాల్లోకి లేచి పడింది.

"కొమ్ముకోనం!" అని అరిచాడు కుమార్.

ఫణిభూషణ్ కర్ర తాను పట్టుకోలేదు. యాదయ్య నడుముకు కర్ర ఆనించే బెల్టు తగిలించి అతని చేతికే ఇచ్చాడు.

యాదయ్య లాగుతాడు, చేప గుంజుకుపోతుంది. మళ్లీ లాగుతాడు. పదకొండు దాటింది. అతని అరచేతులు చీరుకుపోయాయి.

"దారం తెంపేద్దాం యాదయ్య గారూ" చాకు తెరుస్తూ అన్నాడు ఫణిభూషణ్. "ఈ ఎండకు పడిపోతారు. ఆలస్యం కూడా అయింది."

"ఒద్దు సార్, మీ కాల్మొక్త. తెంపకుండ్రి. జిందగిల ఒక్క చేప సార్."

ఫణిభూషణ్ చాకు మూసేశాడు.

ఒంటిగంట దాటాక చేప అలిసి బోటు పక్కకు వచ్చింది. ఒళ్లంతా నీలంగా మెరుస్తోంది. యాదయ్య వంగి దాని వీపు మీద చెయ్యి వేశాడు. అతనికి ఏడుపొచ్చింది. "ఇడిసిపెట్టుండ్రి సార్, పోనియ్యిండ్రి" అని తనే అన్నాడు. తిరిగొస్తున్నంతసేపూ ఈ సంగతి శివమ్మకు ఎట్లా చెబుతాడో కుమార్‌కు చేతులు ఊపి మరీ చెప్పి చూపించాడు.

ఒడ్డు గీతలా కనబడుతుండగా ఫోన్ మోగింది. కూతురు మాధవీలత.

"యాడున్నవ్ నాయినా? ఎంతసేపటిసంది జేస్తున్న..." తర్వాత కాసేపు ఏడుపే వినిపించింది. "అమ్మ లేదు నాయినా."

లాల్‌గడి మలక్‌పేట్‌లో కలుపు తీయడానికి పోయిన శివమ్మ, పదకొండు గంటలప్పుడు ఛాతీ పట్టుకుని పొలం గట్టు మీద కూలబడింది. మేడ్చల్‌లో ఆసుపత్రికి తీసుకుపోయారు. పన్నెండున్నర దాకా తెలివిలోనే ఉంది. "మీ నాయినతోని ఒక్క మాట మాట్లాడియ్యి బిడ్డా" అని అడుగుతూనే ఉంది. మాధవీలత ఫోన్ కలుపుతూనే ఉంది. ఒంటిగంటకు శివమ్మ ప్రాణం పోయింది.

ఆ సాయంత్రమే ఫణిభూషణ్ అతన్ని విమానంలో తీసుకొచ్చాడు. యాదయ్య విమానం ఎక్కడం అదే మొదలు. మర్నాడు చితికి నిప్పు పెట్టేటప్పుడు పుండ్లుపడిన చేతుల్లో కట్టె నిలవలేదు. పక్కనున్నవాళ్లు పట్టుకుని పెట్టించారు.

దినాలయ్యాక మాధవీలత అడిగింది.

"గప్పుడు ఏం జేస్తుంటివి నాయినా?"

యాదయ్య దాచలేదు. సార్ తెంపుదామన్న మాట, తను వద్దన్న మాట, అన్నీ చెప్పాడు. ఆమె మొత్తం విని, చెంగుతో ముఖం తుడుచుకుని లోపలికి పోయింది. తెల్లారి అత్తగారింటికి వెళ్లేటప్పుడు "వంట జేసి పెట్టిన, తిను" అని మాత్రం అంది.

నెల తర్వాత ఒక ఆదివారం ఫణిభూషణ్ కట్ట మీదికి వచ్చాడు. చేతిలో గేలం కర్ర లేదు. యాదయ్య పక్కన కూర్చున్నాడు.

"బోటు అమ్మేశానండీ."

"ఎందుకమ్మిండ్రు సార్? బోటేం జేసింది? మీరు తెంపుదామంటిరి. నేనే ఇననైతి."

"మిమ్మల్ని అడక్కుండా తెంపాల్సింది."

యాదయ్య ఒళ్లో ఉన్న వల తీసి పక్కన పెట్టాడు.

"మీ మీద నాకు కోపం లేదు సార్. కని ఇగ రాకుండ్రి. మిమ్మల్ని జూస్తే గా చేప యాదికొస్తది. యాదికొచ్చినప్పుడు ఒక్క గడియ నాకు సంబురమైతది సార్. శివమ్మ గట్ల పోయినంక సుత సంబురమైతది. గదే ఓర్సుకోలేకపోతున్న."

ఫణిభూషణ్ లేచి, రెండు చేతులూ జోడించి, కారు దగ్గరికి నడిచాడు. యాదయ్య ఆ రోజు చెరువులో దిగలేదు.