దూరపు గుట్టల రంగు

కరీంనగర్‌లో తండ్రి బట్టల దుకాణం పైగదిలో కూర్చుని పుస్తకాలకు బొమ్మలు వేసే అంబ్రీన్‌కు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేర్చుకునేవాళ్ల బొమ్మ చూసినప్పుడు మాత్రం ముందు మంచి చెప్పి, తర్వాతే తప్పు చెబుతుంది. తనకు తానే పెట్టుకున్న ఆ నియమం పాటించడానికి నానా తంటాలు పడుతుంది.

ఆ రోజు సిరిసిల్ల నుంచి, మూడు నెలలుగా తన దగ్గర బొమ్మలు నేర్చుకుంటున్న కోమల వచ్చింది. మరమగ్గాలకు చీర అంచుల డిజైన్లు కంప్యూటర్‌లో గీసే పిల్ల. జైనూర్ గుట్టల బొమ్మ ట్యాబ్‌లో వేసుకొచ్చింది. హైదరాబాద్‌లో పిల్లల పుస్తకం అచ్చువేసేవాళ్లు అట్ట బొమ్మ అడిగి, ఒకసారి పంపితే "ఏదో తక్కువైంది" అని తిప్పి పంపారు. సాయంత్రంలోగా మళ్లీ పంపాలి. ఇదీ నచ్చకపోతే ఇంకొకరిని చూసుకుంటారు.

"ఆకులు మస్తుగ వేసినవ్. గింత ఓపిక నాకు లేదు," అంది అంబ్రీన్. "గని గీ దూరం గుట్ట చూడు. దగ్గరున్న చెట్టెంత నల్లగున్నదో గదీ గంతే ఉన్నది. గుట్టొచ్చి చెట్టు నెత్తి మీద కూసున్నది."

కోమల నవ్వలేదు.

"ఫికర్ జేయకు. గుట్టను వేరే లేయర్‌ల పెట్టు. జర నీలం, జర తెలుపు కలుపు. అంచును మెత్తటి బ్రష్‌తోని తుడువు. వెనక్కి పోయినకొద్ది రంగు వెలిసిపోవాలె."

"వెలిసిపోవాల్నా?" కోమల ముఖం పాలిపోయింది. "మా దగ్గర రంగు వెలిస్తే చీర వాపస్ వస్తది అక్కా. అంచు మసకగుంటే మా బాపు అన్నం తినడు. మగ్గం మీద పోగు లేస్తే లేసినట్టు, లేకుంటే లేనట్టు. సగం లేసుడు ఉండది."

అంబ్రీన్‌కు కోపం రావలసింది, రాలేదు. మూడు నెలలుగా ఈ పిల్ల గీత ఎందుకు మెత్తబడటం లేదో ఇప్పుడు తెలిసింది. తప్పని ఎలా అంటుంది? ఆ ఇంటిల్లిపాదీ ఆ పట్టింపు మీదే బతికారు. కోమల చేయి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్లి, ఊరి బయటి గుట్ట చూపించింది.

"గా గుట్ట మీది రాళ్లు లెక్కపెట్టు."

"కనిపిస్తలేవు. అంతా మసకనే ఉన్నది."

"మరి గుట్టను వాపస్ పంపుదామా?"

ఈసారి కోమల పకపకా నవ్వింది. ట్యాబ్ ముందు కూర్చుని భయం భయంగా ఒక గుట్టను వెలిసేలా చేసింది, తర్వాత దాని వెనక గుట్టను ఇంకాస్త. పెన్ను లాక్కుని తానే దిద్దాలని అంబ్రీన్‌కు చేతులు దురదపెట్టాయి. దిద్దలేదు. కళ్లు సగం మూసి చూడమంది, ఏది ఎంత ముదురుందో తెలిసేలా బొమ్మను ఒకసారి నలుపు తెలుపులో పెట్టి చూడమంది, అంతే. రెండు గంటల్లో చెట్టు దగ్గరికొచ్చింది, గుట్టలు వెనక్కి జరిగాయి. బొమ్మలో గాలి ఆడింది.

పంపిన గంటకు జవాబు వచ్చింది. "చాలా బాగుంది. కాకపోతే దూరపు గుట్టలు వెలిసినట్టున్నాయి. కాస్త ముదురు చేసిస్తే ఇదే ఖాయం చేస్తాం."

ఇది చేజారకూడదనుకుంది అంబ్రీన్. కొత్త పిల్ల, చేతికందిన పని. చేసిచ్చేయమని చెప్పబోయేలోపే కోమల టైపు చేసి పంపేసింది: "ముదురు చేస్తే గుట్టలు ముందుకొస్తాయి సార్. దూరం పోతుంది. ఇట్లనే ఉండాలె."

"నన్ను అడగకుండనే పంపినవా?"

"గందుల అడిగేదేమున్నది అక్కా?"

పది నిమిషాలు ఇద్దరూ ఫోన్ వంక చూడనట్టే చూస్తూ కూర్చున్నారు. "సరే, అలాగే ఉంచండి. అట్ట మీద మీ పేరు ఎలా వేయాలో రాయండి," అని వచ్చింది.

కోమల ఒక్కో అక్షరం చూసుకుంటూ పేరు రాస్తుంటే అంబ్రీన్‌కు పట్టరాని గర్వం వచ్చింది. మెట్ల దాకా పరుగెత్తి, కింద బేరాలాడుతున్న వాళ్లందరికీ వినబడేలా అరిచింది.

"అబ్బా! నా కోమల ఇయ్యాల హైదరాబాదోళ్లకు పాఠం చెప్పింది!"