గాటు లేని గులాబీ

నేను ఒక అంటు కత్తిని. వంటింట్లో వంకాయలు తరిగే కత్తితో నన్ను పోల్చారంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. పిడిలోకి మడుచుకునే రెండున్నర అంగుళాల అలుగు నాది. పిడి రెండో కొసన సన్నని ఎముక పలక ఒకటి ఉంటుంది, మొక్క బెరడును చిరగకుండా ఎత్తడానికి. ముప్ఫై రెండేళ్ళుగా కడియం నర్సరీల్లో తిరుగుతున్నాను. ఇన్నేళ్ళలో ఒక్కచోట కదలకుండా ఉన్నది రెండు నెలలే, అదీ చెత్తకుప్పలో. మీకు చెప్పాల్సింది ఆ రెండు నెలల సంగతే గానీ, అంతకు ముందు నా గొప్పలు కొంచెం వినక తప్పదు.

పుట్టింది ధవళేశ్వరంలో ఒక కొలిమిలో. అంతకు ముందు నేను కలప మిల్లులో రంపం ముక్కను. పళ్ళు విరిగిపోయిన రంపాన్ని మిల్లువాళ్ళు అవతల పారేస్తే, వీరాస్వామి మేస్త్రి చంకన పెట్టుకుని కొలిమికి తెచ్చాడు. తాను కూర్చోలేదు, కమ్మరిని కూర్చోనివ్వలేదు. ఇంకొంచెం పల్చన, ఇంకాస్త పదును అంటూ మూడు రోజులు కొలిమి చుట్టూ తిరిగాడు. చివరికి కమ్మరి విసిగిపోయి, "మేస్త్రీ, ఇది కత్తంటావా, నీ కూతురి పెళ్ళి సంబంధమంటావా?" అన్నాడు. ఆ కూతురికి అప్పటికి ఆరేళ్ళు.

వీరాస్వామి చెయ్యి పడితే కట్టెపుల్ల కూడా చిగురిస్తుందని చుట్టుపక్కల చెప్పుకునేవారు. మా పని ఇదీ. ముళ్ళతో మొండిగా పెరిగే నాటు గులాబీ మొదలు మీద నేను నిలువుగా ఒక గాటు, అడ్డంగా ఒక గాటు పెడతాను. మంచి గులాబీ కొమ్మ నుంచి ఒక కన్నును, అంటే చిగురు పుట్టే బుడిపెను, ఒలిచి ఆ గాటులోకి దూర్చి, పట్టీ చుట్టేస్తారు. మూడు వారాలకు కన్ను తెరుచుకుంటుంది. అప్పుడు నాటు మొక్క తల నరికేస్తాం. ఇక కింద వేరు ఒకరిది, పైన పువ్వు ఇంకొకరిది. పువ్వును చూసి మురిసిపోయేవాళ్ళను వేలమందిని చూశాను. వంగి, ఆ పువ్వును మోస్తున్న వేరును పలకరించినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

మేస్త్రికి ఒక పట్టుదల ఉండేది. కొమ్మ కోసి మట్టిలో గుచ్చి బతికించే మొక్కంటే ఆయనకు మహా చులకన. "కొమ్మ గుచ్చడం కూడా ఓ పనేంట్రా? కంచె ఏసేవోడు కూడా సేత్తాడు. మేలైన గులాబీ అంటే అంటు కట్టాల్సిందే" అనేవాడు. నేను లోపల్లోపల చప్పట్లు కొట్టేదాన్ని. అందరూ కొమ్మలు గుచ్చుకుంటూ కూర్చుంటే నన్నెవరు అడుగుతారు?

ఆయన చూపు మందగించాక నన్ను కూతురి చేతిలో పెట్టాడు. ఆమె పేరు గంగరత్నం. నాలుగున్నర అడుగుల మనిషి, నర్సరీలో అందరూ పొట్టి రత్నం అంటారు. మనిషి పొట్టే గానీ ఆమె కుదురులేనితనం మాత్రం తాటిచెట్టంత. బస్సు కోసం నిలబడ్డా, అన్నం ఉడికేదాకా ఆగాలన్నా, ఎవరైనా నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడినా, ఆమె చెయ్యి నడుముకు పోతుంది, నన్ను తీస్తుంది. టక్కున తెరవడం, టక్కున మూయడం. నా మడత పనిలో అరిగింది తక్కువ, ఆమె ఆలోచనల్లో అరిగింది ఎక్కువ.

ఆమె పని చేసే నర్సరీ చిట్టిబాబుగారిది. రోజూ ఎక్కడెక్కడినుంచో కొత్త గులాబీల కొమ్మలు వచ్చేవి, నోరు తిరగని పేర్లతో. మేం వాటిని అంటు కట్టి, కవర్లలో నింపి, లారీలెక్కించేవాళ్ళం. ఒకరోజు రత్నం కవరు కట్టడం ఆపి, తండ్రితో అంది: "ఎవరో కన్న పిల్లలకి బొట్టెట్టి పంపిత్తన్నాం నాన్నా. మన సేతుల్లో పుట్టింది ఒక్కటన్నా ఉందా?"

ఆ మాట ఆమెను ఇక నిలవనివ్వలేదు. మేడల మీద కాపురాలు చేసేవాళ్ళు వచ్చి, వసారా కుండీలో పట్టే గులాబీ కావాలి, మోకాలెత్తు దాటకూడదు, వాసన కూడా ఉండాలి అని అడిగేవారు. బటన్ గులాబీ పొట్టిదే గానీ వాసన లేదు. పన్నీరు గులాబీకి వాసన ఉంది గానీ ఒళ్ళు దగ్గర పెట్టుకోదు, అడ్డదిడ్డంగా పాకుతుంది. ఈ రెండింటికీ పెళ్ళి చేస్తానని రత్నం బయల్దేరింది.

ఆ పెళ్ళిలో నాకు పెద్ద పాత్ర లేదు, అందుకే మొదటినుంచీ నాకు అనుమానమే. బటన్ గులాబీ మొగ్గ విచ్చకముందే రేకులు ఒలిచి, లోపలి కేసరాలన్నీ తీసేసేది. పన్నీరు గులాబీ పుప్పొడిని చిన్న కుంచెతో తెచ్చి అద్ది, పాత క్యాలెండరు కాగితంతో టోపీ తొడిగేది. మూడు నాలుగు నెలలకు కాయ పండితే, గింజలు తీసి తడి ఇసకలో కలిపి, డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టేది. చలి తగిలితేగాని ఆ గింజలకు మెలకువ రాదట. చూపు ఆనని మేస్త్రి ఒక మధ్యాహ్నం ఆ డబ్బా తీసి, పచ్చడనుకుని అన్నంలో కలిపేశాడు. "ఇసకేంటే పెరుగు పక్కన!" అని ఆయన కేకలు. మెతుకుల్లోంచి గింజలు ఏరుకుంటూ ఆమె ఏడుపు. ఆ ఏడాది అలా పోయింది. ఒక ఏడు కాయలే నిలవలేదు. ఒక ఏడు మొలకలన్నీ ఎండకు మాడాయి. మొలిచినవాటిలో ఒకటి పొట్టిది, వాసన లేదు. ఇంకొకదానికి వాసన ఉంది, అది చూరెక్కింది.

ఆరో ఏడు ఉగాది ముందు, మోటారు షెడ్డు వెనక మడిలో ఒక మొక్క పూసింది. మోకాలికి కిందే గుబురుగా, ఒంటినిండా పూలు. బీట్‌రూట్ ముక్క పడ్డ పెరుగన్నం రంగు. రత్నం ఒక పువ్వు కోసి తండ్రి ముక్కు దగ్గర పెట్టింది. ఆయన రెండుసార్లు గట్టిగా వాసన పీల్చాడు. తర్వాత, "నీళ్ళెయ్యడం మానకు" అన్నాడు. ఆయన మెచ్చుకోవడం అంటే అదే.

చిట్టిబాబుగారు వచ్చి చూశారు. మంచి మనిషే, కాకపోతే ఖాళీ నేల కనబడితే ఆయన కంటికి నిద్ర పట్టదు. "ఆరేళ్ళ నుంచి ఈ మడి నీకొదిలేశానే రత్నం. వినాయక చవితి నాటికి నలభై మొక్కలు వరసగా నిలబెట్టు. అన్నీ ఇలాగే మోకాలెత్తుంటే మడి నీది, గులాబీకి నీ పేరే ఎడదాం. కాదంటావా, ఇక్కడ పామ్ మొక్కలు దింపేత్తాను. ఆనక నన్నేం అనకూడదు."

"ఆయ్, అలాగేనండి" అంది రత్నం. నేను ఆమె చేతిలో నాలుగుసార్లు తెరుచుకుని మూసుకున్నాను.

నలభై మొక్కలు ఎలా చేయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. మేస్త్రి కూతురు, మేస్త్రి కత్తి, ఇక వేరే దారి ఏముంది? తొలకరి పడగానే నలభై బలమైన నాటు మొదళ్ళు ఏరింది. ఆ చిన్న మొక్క ఒంటి మీద కొమ్మన్నది మిగలకుండా కోసి, నలభై కళ్ళూ ఒలిచింది. మొక్క జానెడు మోడయింది. నేను నా జీవితంలో అంత అందంగా ఎప్పుడూ కోయలేదు. ఒక్క బెరడు చిరగలేదు. మూడు వారాలకు నలభైకి నలభై కళ్ళూ తెరుచుకున్నాయి. నాకు గర్వంతో కాళ్ళు నేల మీద ఆనలేదు. కాళ్ళు లేవనుకోండి, అది వేరే సంగతి.

ఆషాఢంలో అవి మోకాలు దాటాయి. శ్రావణంలో నడుము దాటాయి. చవితి ముందు రోజుకు పూల గుత్తులు రత్నం నెత్తికి పైన ఊగుతున్నాయి.

చిట్టిబాబుగారు నడుం మీద చేతులు పెట్టుకుని పకపకా నవ్వారు. "ఇదేంటే, నీ పొట్టి గులాబీ నిన్నే దాటిపోయింది! పసిమొక్క కాబట్టి అప్పుడు పొట్టిగా ఉంది. సిన్నప్పుడు అందరం పొట్టే కదా! వయసొచ్చింది, ఎదిగింది. ఇందులో నీ తప్పేం లేదులే." పనివాళ్ళందరూ నవ్వారు. తిట్టినా బాగుండేది. ఆ జాలిమాట రత్నాన్ని నిలువునా కోసింది, నాకు చేతకానంత లోతుగా.

అందరూ వెళ్ళాక ఆమె నన్ను తెరిచింది, మూసింది, తెరిచింది. "ఆరేళ్ళు!" అని ఒక్క అరుపు అరిచి, షెడ్డు వెనక చెత్తకుప్ప మీదికి నన్ను విసిరికొట్టింది. మర్నాడు పామ్ మొక్కల కోసం ఆ నలభైటినీ పీకేసి మడి దున్నారు. వాటి నీడన చిగురు వేయక, ఎవరి కంటా పడక ఉండిపోయిన జానెడు తల్లి మోడును కూడా పెరికేస్తే, అది వచ్చి నా పక్కన పడింది.

కుప్ప అంటే కొబ్బరి పొట్టు, చిరిగిన కవర్లు, కుళ్ళిన ఆకులు. మోటారు నీళ్ళు కారి ఎప్పుడూ చెమ్మగా ఉండేది. నాకు తుప్పు పట్టడం మొదలైంది. ఆ మోడుకు మాత్రం ఆ చెమ్మే అమృతమైంది. వారానికి ఒక చిగురు, తర్వాత రెండు. నేను దాన్ని చూడడం తప్ప చేసేదేముంది? ఎప్పుడు పెరిగి తాడెత్తు అవుతుందా, నా పనితనానికి మచ్చ పోతుందా అని చూస్తూ కూర్చున్నాను. అది పెరగలేదు. జానెడయింది, మూరెడయింది, అక్కడ ఆగింది. ఆగి, మొగ్గ తొడిగింది.

అప్పుడు నాకు అర్థమైంది. దాని పొట్టితనంలో ఏ లోపమూ లేదు. మేం దాన్ని తీసుకెళ్ళి మొండి నాటు వేరు మీద కూర్చోబెట్టాం. ఆ వేరు తన బలమంతా దానికి తాగించి, దాని స్వభావం మరిచిపోయేలా పెంచేసింది. సొంత వేరు మీద వదిలేస్తే అది మోకాలెత్తు మొక్కే. పాడు చేసింది నేను. నలభైసార్లు, ఒక్క బెరడు చిరగకుండా, ఎంతో అందంగా పాడు చేశాను.

ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నాకా నోరు లేదు. కార్తీకం వచ్చింది. కుప్ప ఎత్తించడానికి ట్రాక్టరు రేపు వస్తుందని పనివాళ్ళు అనుకుంటుంటే విన్నాను. ఇన్నాళ్ళూ నన్ను నిలవనివ్వలేదని ఆమెను విసుక్కున్నదాన్ని, ఆ రోజు ఒక్క అంగుళం కదిలితే చాలనుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది తర్వాత తెలిసింది. రత్నం ఆ రోజే కొట్లో కొన్న కొత్త కత్తితో ఎప్పటిలాగే టక్కు టక్కుమని ఆడుతోంది. మేస్త్రి మంచం మీద లేచి కూర్చున్నాడట.

"అది నా కత్తి కాదు."

"అదే నాన్నా."

"కళ్ళు పోయినియ్యే, సెవులు పోలేదు. నా కత్తి మూత్తే ఒకటే సప్పుడు. దీనికి రెండు. ఏదే నా కత్తి?"

రత్నం తల వంచుకుని చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. "గులాబీ రాలేదని నా కత్తిని పారేత్తావా? అదేం సేసిందే పాపం. పొద్దున్నే ఎళ్ళి ఎతుకు" అన్నాడు. నా పక్షాన ఆయన పలికిన ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తెల్లారేసరికి ట్రాక్టరు కుప్పను ఒక పక్క నుంచి ఎత్తడం మొదలెట్టింది. రత్నం "ఆగండి బాబూ, ఒక్క నిమిషం!" అంటూ చీర దోపుకుని కుప్ప మీద మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులా పొట్టు తవ్వుతోంది. ఆమె వేళ్ళు నాకు తగిలాయి. పట్టుకుంది కూడా. అంతలో ఆగిపోయింది. వాసన. తల ఎత్తేసరికి ఎదురుగా మూరెడు మొక్క, ఏడు పూలు. నన్ను వదిలేసింది. పొట్టుతో సహా మొక్కను పెకిలించి కొంగులో చుట్టుకుని ఇంటికి పరుగెత్తింది. నేను మళ్ళీ కుప్పలోనే. ట్రాక్టరు నా దాకా రాకముందే గుర్తొచ్చి తిరిగొచ్చింది లెండి, లేకపోతే ఈ కథ మీకెవరు చెప్పేవారు?

మేస్త్రి ఆ మొక్కను ఒళ్ళో పెట్టుకుని చిగురు నుంచి కిందికి తడిమాడు. మొదలు దగ్గర, అంటు కణుపు ఉండాల్సినచోట వేలు ఆగింది. అటూ ఇటూ రాశాడు. నున్నగా ఉంది.

"అంటు లేదు" అన్నాడు. వేలు అక్కణ్ణుంచి తియ్యకుండానే కూతురి వైపు తిరిగాడు. "తప్పు నాదే అమ్మా. అంటు కట్టందే పని కాదని నీకు నూరిపోసింది నేనే. దీనికి అంటు ఒద్దు. కొమ్మ గుచ్చు."

ఆ మనిషి నోట ఆ మాట! నన్ను సానరాయి మీద నూరి, తుప్పు దులిపారు. గాటు లేదు, బెరడు ఎత్తడం లేదు, కన్ను ఒలవడం లేదు. కణుపు కింద ఏటవాలుగా ఒక్క కోత, అంతే. కంచె వేసేవాడు కూడా చేసే పని. నేను కిమ్మనకుండా కోశాను.

మళ్ళీ చవితికి, ఇంటి దగ్గర రంగు డబ్బాల్లో పెంచిన నలభై మొక్కల్ని రత్నం ఆటోలో తెచ్చి, చిట్టిబాబుగారి గేటు ముందు వరసగా నిలబెట్టింది. అన్నీ మోకాలెత్తు, అన్నీ పూలతో. ఆయన ఈసారి నవ్వలేదు. ఒక్కో మొక్క దగ్గరా చతికిలబడి, పూలు పక్కకు నెట్టి, మొదలు చూశారు. పువ్వును వదిలి కిందికి వంగిన మొదటి మనిషి ఆయనే.

"అంటు ఏదే?"

"లేదండి. సొంత వేరు మీదేనండి."

ఆయన లేచి, పామ్ మొక్కలున్న మడి వైపు ఒకసారి చూశారు. "సాయంత్రానికి తీయించేత్తాను" అన్నారు. "మరి పేరో? గంగరత్నం అని రాయించనా?"

ఆమె చెయ్యి నడుముకు పోయింది. నేను తెరుచుకున్నాను, మూసుకున్నాను. "పొట్టి రత్నం అని రాయించండి బాబుగారూ. అందరికీ అలవాటైన పేరే కదా."

ఇప్పుడు నాకు పని తక్కువ. అయినా విశ్రాంతి లేదు. ఆమెకు పసుపు రంగులో పొట్టి గులాబీ కావాలట, కొత్త గింజలు ఫ్రిజ్‌లో చేరాయి, నా మడత మళ్ళీ అరుగుతోంది. మీరెప్పుడైనా కడియం వస్తే పొట్టి రత్నం మొక్క ఒకటి కొనండి. పువ్వు ఎలాగూ చూస్తారు. ఒక్కసారి వంగి, మొదలు దగ్గర వేలితో తడిమి చూడండి. అక్కడ మచ్చ ఏదీ తగలదు. ఇన్ని వేల గాట్లు పెట్టిన నేను, పెట్టకుండా వదిలేసిన గాటు అది.