కెమెరా పక్కన అమ్మమ్మ ఫొటో

శవాన్ని కోసిన మొదటి రోజున కూడా రెన్నా స్టిడమ్‌ జంకలేదు. ఈవేళ లాప్‌టాప్ ముందు కూర్చోవాలంటే జంకుతోంది. మెడికల్ కాలేజీలో ఇది చివరి ఏడు. తర్వాత ఆసుపత్రిలో శిక్షణకు రెసిడెన్సీ సీటు దొరక్కపోతే ఇన్నేళ్ళ చదువూ అటకెక్కినట్టే. కెంటకీ కొండల్లో, ఇంటికి గంట దూరంలో ఉన్న ఆసుపత్రిలో నాలుగంటే నాలుగే సీట్లు. పిలిచి మాట్లాడే ముందు వాళ్ళు ఒక వీడియో పంపమన్నారు. తెర మీద ప్రశ్న వస్తుంది. ఆలోచించుకోడానికి ముప్ఫై సెకన్లు, చెప్పడానికి రెండు నిమిషాలు. ఒకసారి చెబితే చెప్పినట్టే, దిద్దుకోడానికి వీల్లేదు. అలాంటి ప్రశ్నలు మూడు. అవతల ఎవరు చూస్తారో, ఎప్పుడు చూస్తారో దేవుడికే తెలియాలి. దీన్ని కూడా ఇంటర్వ్యూ అంటున్నారు!

తలూపే మొహం ఎదురుగా లేకపోతే మాట రాదని, కెమెరా పక్కన అయినవాళ్ళ ఫొటో అంటించుకోమని సీనియర్లు చెప్పారు. రెన్నా తనను పెంచిన అమ్మమ్మ ఒపల్ ఫొటో అంటించుకుంది.

పొద్దున ఆ అమ్మమ్మకే జవాబులన్నీ అప్పజెప్పింది.

"ఒక పెద్దాయన. బొగ్గు గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడైపోయాయి..."

"ఆ పెద్దాయనకు పేరు లేదా ఏంటే?" అంది ఒపల్, మొక్కజొన్న రొట్టె కోస్తూ.

"ఉంది. చెప్పకూడదు. రోగి పేరు బయటపెడితే నన్ను ఆసుపత్రి గుమ్మం కూడా తొక్కనివ్వరు."

"ఎవరి కొడుకో, ఏ వాగు దగ్గరుంటాడో చెప్పకుండా కథ మొదలెడితే ఈ కొండల్లో ఎవడు వింటాడే? డాక్టరువి అవుతున్నావు గానీ మాట్లాడ్డం మర్చిపోతున్నావు."

మధ్యాహ్నం కుక్క మొరగకుండా చూస్తానని ఒపల్ దాన్ని వరండాలోకి లాక్కెళ్ళింది. మొదటి ప్రశ్న ఎలాగో గట్టెక్కింది. రెండోది: మీరు మరచిపోలేని రోగి గురించి చెప్పండి. ముప్ఫై సెకన్లూ ఇట్టే గడిచిపోయాయి. రికార్డింగు మొదలైనట్టు ఎర్ర చుక్క వెలిగింది. బట్టీపట్టిన మొదటి వాక్యం కూడా గుర్తు రాలేదు. తెరలోంచి తన మొహమే తనను బిక్కుబిక్కుమంటూ చూస్తోంది. రెన్నా చూపు ఫొటో మీదికి పోయింది. హమ్మయ్య, అమ్మమ్మ!

"ఎల్డన్ కాడిల్ అని, బక్‌లిక్ వాగు దగ్గర క్లైడ్ గారి పెద్దబ్బాయి..."

అన్నాక గానీ ఏమందో తెలియలేదు. నాలుక కరుచుకుంది. ఆపడానికి మీట కోసం వెతికింది, లేదు. మిగిలిన సమయంలో ఏదో గొణిగింది.

మూడో ప్రశ్న వచ్చింది: మీరు చేసిన ఒక పొరపాటు, దానికి మీరేం చేశారు?

దీనికి చక్కటి జవాబు సిద్ధంగా ఉంది. ఎవరికీ ఏ నష్టమూ జరగని, చివరికి తనకే పేరొచ్చే ముద్దులొలికే పొరపాటు అది. అది చెప్పేస్తే ఇందాకటిది ఎవరూ గమనించకపోవచ్చు. గమనిస్తే? సెకన్లు జారిపోతున్నాయి. రెన్నా చెయ్యి చాచి ఫొటో పీకేసింది. కెమెరా గుడ్డికన్నులా తనవంకే చూసింది.

"నా పొరపాటు మూడు నిమిషాల కిందటే, ఈ వీడియోలోనే జరిగింది," అంది. "రోగి పేరు, ఊరు చెప్పేశాను. భయపడ్డాను, అందుకే నోరు జారింది. కానీ నా భయంతో ఆయనకేం సంబంధం? ఇది అయిన వెంటనే మీ ఆఫీసుకు ఫోన్ చేసి ఆ ముక్క ఎవరూ చూడకుండా ఆపమంటాను. తర్వాత ఆయన ఇంటికి వెళ్ళి జరిగింది చెబుతాను."

ఇంకా నిమిషం పైనే మిగిలింది. ఆ నిమిషంలో రెన్నా తెర అడుగున ఆసుపత్రి ఆఫీసు నంబరు వెతికి పట్టుకుంది. ఎర్ర చుక్క ఆరిపోయింది.

ఒపల్ తలుపు తోసింది. "ఎలా చెప్పావే?"

"భయంగా ఉంది అమ్మమ్మా. ఒక్క క్షణం బయటే ఉండవూ, రోగి సంగతి ఫోన్లో మాట్లాడాలి, నువ్వు వినకూడదు."

ఆ ముసలి మొహం చిన్నబోయింది. అయినా తలుపు వేసేసింది.

ఆ నంబరు సరిగ్గా నొక్కేసరికి రెన్నాకు మూడోసారైంది. ఫోన్ మోగింది. అవతల ఎవరో ఆడమనిషి, "చెప్పమ్మా, వింటున్నాను" అంది. ఇంతసేపూ గుడ్డి కెమెరాతో మాట్లాడిన రెన్నాతో, వింటున్నానని ఒక మనిషి అనడం ఇదే మొదటిసారి. అప్పుడు గానీ ఆ పిల్లకు ఏడుపు రాలేదు.