నేను కూలిపోయి ఉంటే

నేను ఒక డ్రోన్‌ని. పెళ్లి పందిళ్ల మీద చక్కర్లు కొడుతూ ఫొటోలు తీసే సోకు రకం కాదు. పొట్టకు ట్యాంకు కట్టుకుని చేలకు పురుగుమందు కొట్టే కష్టజీవిని. చెన్నై దగ్గర ఒక కార్ఖానాలో నన్ను బిగించి, మడకశిర వైపు పల్లెలో ఓబులేసు అనే కుర్రరైతుకు అమ్మారు. ఆయన శిక్షణకు వెళ్లి, లైసెన్సు తెచ్చుకుని, నన్ను ఇంటికి తీసుకొచ్చిన రోజు కొత్తకోడలికి ఇచ్చినట్టు హారతి ఇచ్చారు. నా రెక్కకు కట్టిన నిమ్మకాయ మొదటి ఎగురుడులోనే ఎక్కడో పడిపోయింది.

మనుషులకు పుట్టాక పేరు పెడతారు. నాకు నంబరు పెట్టి, ఆ వెంటనే ఇన్సూరెన్సు చేయించారు. నేను ఇంకా ఎగరనే లేదు, అప్పుడే నేను పడటం గురించి ఆలోచించారన్నమాట! ఏజెంటు మల్లికార్జున అరుగు మీద కూర్చుని ఓబులేసుకు వివరించాడు. పాలసీలో రెండు భాగాలు. ఒకటి నా ఒంటికి, అంటే నేను పడి విరిగితే బాగుచేయించడానికి. రెండోది నేను ఎవరి మీదైనా, దేని మీదైనా పడితే వాళ్ల నష్టానికి. లైసెన్సు ఉన్నవాడే నడపాలి. ఎగరకూడని చోట ఎగరకూడదు. పని లేనప్పుడు నన్ను పైకప్పు, తాళం ఉన్న చోట ఉంచాలి. ఓబులేసు అన్నిటికీ తలూపాడు. ఆ కాగితం ఆయనకు కొండంత అండగా కనిపించింది.

ఊళ్లో అందరూ నన్ను చూసి మురిశారు, ఒక్క అశ్వత్థమ్మ తప్ప. ఆమెది ఓబులేసు కందిచేను పక్కనే మల్బరీ తోట. తోట చివర రేకుల షెడ్డులో పట్టుపురుగులు పెంచేది. భర్త పోయాక ఆ పురుగులే ఆమెకు తిండి, తోడు. పట్టుపురుగంత సుకుమారం లోకంలో మరొకటి లేదు. మందు సోకిన ఆకు కొరికితే చాలు, ప్రాణం పోతుంది. అందుకే ఆ షెడ్డులోకి ఎవరూ చెప్పులతో పోకూడదు. గుమ్మం దగ్గర తొట్టిలో చేతులు, కాళ్లు కడుక్కోవాలి. బీడీ తాగినవాడికి, చేనికి మందు కొట్టి వచ్చినవాడికి గడప దాటే హక్కు లేదు.

"నీ గాలిబండిని చూస్తే నాకు భయమప్పా," అంది ఆమె. "గాలి మన మాట వింటాదా?"

"నీకేం భయం లేదక్కా. కొట్టే ముందురోజు నేనే వచ్చి చెప్తా. గట్టు పక్క ఆకు కోయొద్దు. ఒకవేళ ఏమన్నా అయినా ఇన్సూరెన్సు ఉండాది. పైసాతో సహా ఇప్పిస్తా. నా మాట నమ్ము."

ఆమె నమ్మింది. కాగితాన్ని కాదు, ఓబులేసును.

ఆయన మాట తప్పలేదు కూడా. ప్రతిసారీ ముందురోజు సాయంత్రం గట్టు మీద నిలబడి "అక్కా, రేపు మందు!" అని కేకేసేవాడు. "సరే నాయనా!" అని షెడ్డులోంచి జవాబు వచ్చేది. గాలి వాలు చూడటానికి కర్రకు పాత చీరపేలిక కట్టేవాడు. మధ్యలో ఒకసారి నేను కరెంటు తీగకు తగిలి వేరుశనగలో కూలాను. ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చి ఫొటోలు తీసుకున్నాడు, నా పొట్టలో దాగిన ఎగురుడు లెక్కలు చూశాడు. కంపెనీ కొత్త కాళ్లు ఇప్పించింది. "చూసినావా అక్కా, అడక్కముందే ఇచ్చినారు!" అని ఓబులేసు మురిసిపోయాడు. ఆ పడటమే మమ్మల్ని మోసం చేసిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఒక కార్తెలో కందికి పురుగు పట్టింది. ముందురోజు కేక వేశాడు, జవాబు వచ్చింది. పొద్దున పేలిక తోటకు ఎడంగానే ఎగురుతోంది. సగం చేను అయ్యాక ఉన్నట్టుండి గాలి తిరిగింది. ఓబులేసు వెంటనే నన్ను దించేశాడు. అయినా నేను వదిలిన తుంపర అప్పటికే నా చేతిలో లేదు. అది ఎవరి కంటికీ కనిపించకుండా గట్టు దాటి, తోట నడిమి దాకా పోయింది. గట్టు పక్క వరుసలు వదిలేసి, జాగ్రత్తగా లోపలి ఆకే కోసుకుపోయింది అశ్వత్థమ్మ.

పురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. తోలు విడవటాన్ని అక్కడ జ్వరం అంటారు. ఇంక కొన్ని రోజులు మేస్తే గూళ్లు కట్టేవి. ఆ సాయంత్రానికి తలలు ఎత్తి, పచ్చగా కక్కుకుంటూ మెలికలు తిరిగాయి. మర్నాటికి షెడ్డులో మేత చప్పుడు లేదు. ఆమె వాటిని గంపలకెత్తి గుంటలో పూడ్చింది. ఏడవలేదు. ఏడుపంతా ఓబులేసే ఏడ్చాడు.

మల్లికార్జునను వెంటబెట్టుకుని సర్వేయరు మళ్లీ వచ్చాడు. మంచివాడే, పాపం.

"డ్రోన్‌కు ఏమైంది?"

"ఏమీ కాలేదు సార్."

"షెడ్డుకు తగిలిందా?"

"లేదు సార్. మందు గాలికి పోయింది."

ఆయన కాగితం తిప్పి ఒక వరుస మీద వేలు పెట్టాడు. "మందు గాలికి కొట్టుకుపోతే అయ్యే నష్టం దీంట్లోకి రాదయ్యా. దానికి వేరే కట్టి ఉండాల్సింది. ఇదే డ్రోన్ షెడ్డు మీద పడి పురుగులు చచ్చి ఉంటే మేమే ఇచ్చేవాళ్లం."

"అట్లాంటిది ఒకటి ఉందని నాకు చెప్పలేదే!" అని ఓబులేసు మల్లికార్జున మీద పడ్డాడు.

"నువ్వు అడగలేదే," అన్నాడు మల్లికార్జున. అన్నాక తనే తల దించుకున్నాడు.

నా తప్పు ఏమిటంటే నేను పడకపోవడం! ఒళ్లు విరగ్గొట్టుకుని ఉంటే ఆమెకు న్యాయం జరిగేది. బుద్ధిగా దిగినందుకు ఆమె కొంప మునిగింది. మనుషుల లెక్కలు ఇలాగే ఉంటాయి కాబోలు.

రెండు రోజులు అన్నం ముట్టని ఓబులేసు మూడో పొద్దున నన్ను చేనికి తెచ్చాడు. ట్యాంకు ఖాళీ. పైకి లేపి, మల్బరీ మీదుగా నేరుగా ఆ షెడ్డు మీదికి తోలాడు. నాకు అర్థమైంది. పురుగుల డబ్బు రాకపోయినా కనీసం రేకుల డబ్బయినా అక్కకు ఇప్పించాలని. ఆ ఆలోచనలో మోసం ఉంది, తెలివి లేదు, ప్రేమ మాత్రం ఉంది. నేనూ పడాలనే కోరుకున్నాను. కానీ అడ్డం కనిపిస్తే ఆగిపోయేలా నన్ను చేశారు. ఆయన తోస్తూనే ఉన్నాడు, నేను గోడ ముందు గాలిలో ఆగిపోయి గుంజుకుంటున్నాను.

అప్పుడే చీపురు పట్టుకుని అశ్వత్థమ్మ గుమ్మంలోకి వచ్చింది. నేను ఇంకొంచెం ముందుకు పోయి ఉంటే ఆమె నెత్తిన పడేవాణ్ని. ఆమె నన్ను చూసింది, గట్టు మీద రిమోటు పట్టుకున్న ఓబులేసును చూసింది. అన్నీ అర్థమయ్యాయి.

"దించు నాయనా," అంది మెల్లగా. "దానికి దెబ్బ తగుల్తాది. నీ కడుపుకూడు అది."

ఆ మాటకు నా గుండె పగిలింది. గుండె లేదంటారా? అయితే పగిలింది ఏమిటో మీరే చెప్పండి.

మళ్లీ పురుగులు తెచ్చుకునే శక్తి ఆమెకు లేకపోయింది. మల్బరీ మొద్దులు పీకించేసింది. ఇప్పుడు ఇతరుల షెడ్లకు ఆకు కోయడానికి కూలికి పోతోంది. ఓబులేసు తనకు మిగిలిందేదో తీసుకెళ్లి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. పాలసీ తిరగరాసేటప్పుడు ఆయన మందు గాలికి పోయే నష్టానికి కూడా కట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ గాలి పోయే వైపు ఇప్పుడు ఒక్క మల్బరీ ఆకూ లేదు. అయినా ముందురోజు సాయంత్రం అలవాటుగా గట్టెక్కి "అక్కా" అని నోరు తెరుస్తాడు. మిగతా మాట లోపలే ఉండిపోతుంది.

ఆ తర్వాతి వానాకాలం, నన్ను ఉంచే ఓబులేసు ఇంటి కొట్టం కూలింది. పైకప్పు, తాళం లేకపోతే నా ఇన్సూరెన్సు చెల్లదని మల్లికార్జున హెచ్చరించాడు. ఈ సంగతి విని అశ్వత్థమ్మే తాళంచెవి తెచ్చి ఇచ్చింది. "నా షెడ్డు ఖాళీగానే ఉండాది కదప్పా. ఈడ పెట్టుకో."

అందుకే నేను ఇప్పుడు పురుగులు మేసిన అరలోనే ఉంటున్నాను. గాలిలేని మధ్యాహ్నాల్లో చెవులు రిక్కించి వింటాను. వానలా ఉండేదట వాటి మేత చప్పుడు. నాకేమీ వినిపించదు.

కూలి నుంచి వచ్చేటప్పుడు ఆమె ఒక్కోసారి ఇటు వస్తుంది, నా మీది దుమ్ము దులపడానికి. లోపల ఉన్నది నేనే, నిలువెల్లా మందు వాసన కొడుతూ. ఆమె మాత్రం చెప్పులు బయటే విడుస్తుంది. తొట్టిలో చేతులు, కాళ్లు కడుక్కుని లోపలికి వస్తుంది.