నోట రాని పేరు

హెబ్రోను మడిలో చీలమండల లోతు ఉప్పునీళ్లలో నిలబడి, పొడుగు కర్రకు బిగించిన పలకతో ఉప్పును గట్టువైపు లాగుతున్నాడు. పలక అడుగున గరగరమని రాసుకుంటూ వస్తోంది. ఇంకా పొద్దు పొడవలేదు. ఎండ ఎక్కకముందే మడి లాగెయ్యాలి. ఎక్కిన తర్వాత ఆ తెలుపు కళ్లలో గుచ్చుకుంటుంది, కాళ్ల కింద నీళ్లు మరిగినట్టు ఉంటాయి.

అతను కర్రను ఎడమచేత్తో పట్టి, కుడిచేతిని ఊరికే ఆనించి లాగుతాడు. కుడిచేతి మూడు వేళ్లు ముడుచుకోవు. మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా చర్మం కాగిన పాల మీది మీగడలా ముడతలు పడి మెరుస్తుంది. మామూలు చర్మం ఉప్పుకు కాయలు కాస్తుంది. కాలిన చర్మం కాయదు, పగులుతుంది. పగిలినచోట పాత పంచె పేలిక చుట్టుకున్నాడు. అది తడిసి కొద్దిగా ఎర్రబడింది.

పక్క మడిలోంచి పెంచలయ్య కేకేశాడు.

"ఏం హెబ్రోనూ, పెండ్లికొడుకు మాదిరి గడ్డం గీక్కున్నావే! ఇయ్యాల గూడా ఉప్పు లాగాల్నా?"

"ఈ మడి లాగేసి పోతా."

"రంగూను దొరసాని మమ్మల్ని పలకరిస్తాదా, బర్మా బాసలో తిడతాదా?"

"తెలుగులోనే తిడతాది. నీకంటే బాగా తిడతాది."

మడుల్లో అందరూ నవ్వారు. హెబ్రోను కూడా నవ్వాడు. చిట్టమూరుకు తూర్పున, కాలవ పక్కన ఉన్న ఈ ఉప్పు కొటారులోనే అతని తండ్రి కూడా పలక లాగాడు. మీసాలు రాని వయసులో హెబ్రోను మేనమామ వెంట ఓడెక్కి రంగూను పోయాడు. బియ్యం మిల్లులో బాయిలరు దగ్గర ఊక ఎగదోసే పని. తల నెరిసేదాకా అదే పని. నిరుడు అక్కడి సర్కారు మిల్లులన్నీ తీసుకుని, పైదేశం వాళ్లను పొమ్మంది. ఒక రేకు పెట్టెతో వచ్చి, తండ్రి వదిలేసిన చోటే పలక పట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి అక్క మగ్దలీనమ్మ గుమ్మం పక్క గోడకు సున్నం కొడుతోంది. భర్త పోయినప్పటినుంచి ఆమె ఇక్కడే ఉంటోంది. తమ్ముడికి చద్దన్నంలో మజ్జిగ పోసి, ఎదురుగా కూర్చుంది.

"చేపల పులుసు పెట్టి ఉంచుతా. తింటాదా, ముక్కు మూసుకుంటాదా?"

"ఎండుచేప వాసన తగిలితేనే నిద్ర లేస్తాది అది. నువ్వు దాచుకోవాల."

"పాస్టరు అయ్యగారు చెప్పింది మరిచిపోబాక. ఆమెను చూసి పరిగెత్తబాక."

"ఊఁ."

"ఊఁ గాదు. ఏమని చెప్తావ్?"

"తెలిసినోళ్లం. అంతే."

ఆ మాట చెప్పడం ఎన్నాళ్లుగానో నేర్చుకుంటున్నాడు. మాఖిన్‌తో అతని పెళ్లి రంగూనులో తెలుగువాళ్ల ప్రార్థనశాలలో ఒక పాట, ఒక ప్రార్థన, ఒక విందుతో జరిగింది. ఏ సర్కారు ముద్రా దానికి లేదు. మనదేశపు మగవాడి భార్యనని చెబితే అక్కడినుంచి ఆమెను కదలనివ్వరు. అందుకని ఊళ్లు చూసి వస్తానని టూరిస్టు వీసా తెచ్చుకుంది. ఇక్కడ దిగినా అదే చెప్పాలి. మొగుడి దగ్గర ఉండిపోవడానికి వచ్చిందని తెలిస్తే, వచ్చిన విమానంలోనే తిప్పి పంపుతారు. ఒకసారి లోపలికి వచ్చిందంటే ఢిల్లీకి అర్జీ పెట్టి ఎలాగో నిలుపుకుందామని పాస్టరు జకరయ్యగారు ధైర్యం చెప్పారు.

మగ్దలీనమ్మ తమ్ముడి చేతి పేలిక విప్పి, శుభ్రమైనది కట్టింది.

"మరదలికి జడకుప్పెలు కొని పెట్టినా. జుట్టు పొడుగని చెప్పినావు గదా," అంది, తలెత్తకుండా.

దొరవారిసత్రంలో పాసింజరు ఎక్కి మద్రాసులో దిగాడు. అక్కడినుంచి కరెంటు రైల్లో మీనంబాకం. దారి పొడుగునా కుడిచేతిని కండువా కింద పెట్టుకునే కూర్చున్నాడు. ఎదురు బల్ల మీది ఆడమనిషి ఒకతె ఆ చేతిని చూసి బిడ్డను అవతలికి జరుపుకుంది. అది అతనికి అలవాటే.

విమానాల స్టేషనులో ఎవరూ అతన్ని ఆపలేదు. ఆ రోజుల్లో రంగూను నుంచి మనవాళ్లను తెచ్చి దింపే విమానాలు వస్తున్నాయి. వాటికోసం వచ్చే జనం ఎవరో చూడగానే తెలిసిపోతుంది. నడుమెత్తు కొయ్య కటకటాకు ఇవతల అలాంటివాళ్లు ఇరవైమంది దాకా నిలబడి ఉన్నారు. అవతల బల్ల, బల్ల వెనక తెల్ల చొక్కా ఆఫీసరు, పక్కన ఖాకీ బంట్రోతు. మాట్లాడితే ఇవతలికి వినబడేంత దూరం.

విమానం దిగినవాళ్లు వరసగా వచ్చారు. ఆడవాళ్ల మెడలు బోసిగా ఉన్నాయి. చెవి రంధ్రాల్లో ఈనె పుల్లలు. ఉన్నదంతా రంగూనులోనే సర్కారువాళ్లు ఊడ్చి తీసుకున్నారు. ఒక ముసలాయన కటకటా దాటగానే నేలమీద కూర్చుని ఏడ్చాడు. వాళ్లెవరినీ ఆఫీసరు పెద్దగా ప్రశ్నలు వెయ్యలేదు. మనవాళ్లు, పంపేస్తున్నాడు.

మాఖిన్ చివర వచ్చింది.

పచ్చగళ్ల లుంగీ, తెల్ల రవిక. బుగ్గల మీద చెక్కగంధం పూత, చెమటకు గీతలు పడింది. చిక్కిపోయింది. చేతిలో గుడ్డసంచి ఒక పక్కకు బరువుగా వాలి ఉంది. ఆమె కటకటా వైపు చూసింది, అతన్ని చూసింది, చూపు తిప్పుకుంది. చెప్పినట్టే చేసింది. హెబ్రోను కొయ్యను గట్టిగా పట్టుకున్నాడు.

బంట్రోతు సంచిలోంచి రెండు లుంగీలు, ఒక దువ్వెన, తర్వాత ఒక రాయి తీసి బల్లమీద పెట్టాడు. గుండ్రటి సానరాయి, అంచు చుట్టూ నీళ్లు నిలవడానికి సన్నటి కాలవ. ఆఫీసరు దాన్ని పెన్సిలుతో తట్టాడు. అరవంలో ఏదో అడిగాడు. బంట్రోతు తెలుగు చేశాడు. మాట తీరు సూళ్లూరుపేట వైపుది.

"ఊళ్లు చూసేదానికి వచ్చినోళ్లు రాయి మోసుకొస్తారామ్మా?"

"రోజూ మొఖానికి పూసుకుంటాం గదయ్యా. పూసుకోకపోతే బయటికెట్టా వచ్చేది?"

బంట్రోతు ఉలిక్కిపడ్డాడు. "అబ్బో! నెల్లూరు తెలుగే! ఎవురు నేర్పినారమ్మా?"

"మా మిల్లు కూలోళ్ల లైన్లో అందరూ తెలుగోళ్లే."

"ఎవురింటికి పోతావంట?"

"చిట్టమూరు దాటి, కాలవ పక్కన. తెలిసినోళ్లు ఉండారు."

"ఆ ఇంటాయన పేరు?"

ఆమె బల్లవైపు చూసింది.

"పేరు చెప్పమ్మా. దొర రాసుకోవాల."

ఆమె వేలు సానరాయి అంచు వెంబడి తిరిగింది. హెబ్రోను రాయించిన ఉత్తరాల్లో అన్నీ చెప్పాడు. ఇది తోచలేదు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె వాళ్ల దేశపు ఆడపిల్లలాగే అతన్ని పేరు పెట్టి పిలిచేది. ఒకరోజు మిల్లు గోడ అవతలినుంచి, అందరూ వినేట్టు, 'హెబ్రోనూ' అని కేకేసింది. అతను నవ్వుతూ తల తిప్పాడు. అదే పూట గొట్టం పగిలి ఆవిరి చేతిమీద కొట్టింది. పక్క గదిలోని ఆదిశేషమ్మ ఆ పిల్లను కూర్చోబెట్టి చెప్పింది, మొగుడి పేరు పెళ్లాం నోటితో అనరాదని, అంటే ఆయుస్సు తరుగుతుందని. మాఖిన్ ఆ రోజునుంచి ఆ పేరు అనలేదు. ఏమయ్యా, ఇదిగో, అంతే. అది వట్టి మాటని అతను ఒక్కసారైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. పరాయి దేశపు పిల్ల తనకోసం అంత పట్టింపుగా ఉండటం అతనికి ఇష్టంగా ఉండేది.

"పేరు తెలీదా?" అన్నాడు బంట్రోతు.

"తెలుసు. చెప్పగూడదు."

బంట్రోతు పకపకా నవ్వేశాడు. నవ్వుతూనే ఆఫీసరువైపు వంగి అరవంలో చెప్పాడు. ఆఫీసరు కూడా నవ్వాడు. వాళ్ల ఇళ్లలోనూ ఆడవాళ్లు మొగుడి పేరు చెప్పరు మరి. తర్వాత ఆఫీసరు నవ్వు ఆపి, ఆమె పాసుపోర్టును దగ్గరికి లాక్కున్నాడు. అది చూసి బంట్రోతు నవ్వు కూడా ఆగిపోయింది. తను ఏం చేశాడో అతనికి అప్పుడు అర్థమైంది.

"ఈమెకోసం ఎవరైనా వచ్చారా?" అని అడిగించాడు ఆఫీసరు.

హెబ్రోను కటకటా దగ్గర చెయ్యెత్తాడు. ఎత్తింది కుడిచెయ్యి.

"నీకు ఏమవుతుంది?"

"తెలిసినోళ్లమండీ. అంతే."

"భార్య కాదా?"

"కాదండీ."

ఆ మాట అంటున్నప్పుడు అతను మాఖిన్‌వైపు చూడలేదు.

ఆఫీసరు కుర్రవాడు. పొద్దుటినుంచి కూర్చుని అలసిపోయి ఉన్నాడు. ముద్ర తీసి సిరాబిళ్లమీద అద్ది, గాలిలో పట్టుకున్నాడు. బంట్రోతు మెల్లగా తెలుగు చేశాడు.

"భార్య కాకపోతే నీ పేరు చెప్పేదానికేం, అంటున్నాడు. చెప్తే ముద్ర వేసేస్తాడంట. నువ్వే చెప్పుకోయ్యా ఆమెకు."

హెబ్రోను ఎత్తిన చెయ్యి దించి కటకటా కొయ్యమీద పెట్టాడు.

"చెప్పు. ఏం గాదు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. తర్వాత కొయ్యమీద ఉన్న చేతిని చూసింది. అక్క పొద్దున కట్టిన పేలిక మళ్లీ తడిసింది, నడుమ నాణెమంత ఎరుపు. వేళ్ల పగుళ్లలో ఉప్పు తెల్లగా కనిపిస్తోంది.

"చెప్పు మే. ఉత్త పేరే గదా. చెప్పు."

ఆమె పెదవులు విడివడ్డాయి. ఆఫీసరు చూస్తున్నాడు, కటకటా దగ్గరివాళ్లందరూ చూస్తున్నారు. ఒక ముసలమ్మ, "చెప్పెయ్యి తల్లీ, దేవుడు ఏమనుకోడు," అంది. మాఖిన్ ఆ చేతినుంచి కళ్లు తిప్పలేదు.

నోరు మూసుకుంది. తల అడ్డంగా ఊపింది.

ఆఫీసరు ముద్రను పక్కన పెట్టి, కలం తీసుకున్నాడు.

"నా భార్యేనండీ," అన్నాడు హెబ్రోను. ఆ మాటను ఎవరూ రాసుకోలేదు.

విమానం ఎలాగూ ఖాళీగానే తిరిగిపోతుంది, ఆమెను అందులోనే ఎక్కిస్తారు. పోలీసు వచ్చేదాకా ఆమెను కాసేపు కటకటా దగ్గర నిలబడనిచ్చాడు బంట్రోతు. తను అటు తిరిగి గోడను చూస్తూ నిలబడ్డాడు.

"చెయ్యి ఎందుకట్టా పగిలింది?" అని అడిగింది మాఖిన్.

"ఉప్పు."

"ఉప్పు పని మానెయ్యి."

"వేరే ఏముంది?"

"పడుకోబోయేముందు కొబ్బరినూనె పెట్టు. మరిచిపోబాక."

"పెడతా."

"అక్క బాగుండాదా?"

"బాగుండాది. గోడకు సున్నం కొట్టింది."

ఆమె తల ఊపింది. పోలీసు వచ్చాడు. ఆమె లుంగీ అంచు సర్దుకుని, సంచి చంకన పెట్టుకుని నడిచింది. తలుపు దగ్గర వెనక్కి తిరగలేదు. కొంతసేపటికి పైకప్పు రేకులు అదిరేంత చప్పుడు వచ్చి, సన్నబడి, పోయింది.

జనం వెళ్లిపోయారు. ఆఫీసరు కాగితాలు సర్దుకుని లేచాడు. హెబ్రోను అక్కడే ఉన్నాడు. బంట్రోతు చీపురువాడిని ఆగమని చెప్పి, బల్లమీద మిగిలిన దాన్ని రెండు చేతులతో ఎత్తి తెచ్చి కటకటా మీద పెట్టాడు.

"సంచిలో పెడతానంటే వద్దనింది," అన్నాడు.

గుండ్రటి రాయి. నడుమ అరిగి పల్లమైంది. పొద్దున రంగూనులో అరగదీసిన గంధం అంచు కాలవలో ఇంకా పూర్తిగా ఆరలేదు.