వాగుకు కంచె

గని మూసేసి ఇరవై ఏళ్లు దాటింది. అయినా లిమోజ్ పట్నం నుంచి నీళ్ల ఆఫీసు మనిషి నెలనెలా వచ్చి, యూగెట్ అనే ముసలామె పచ్చికబీడు పక్కన పారే వాగులో సీసాలు నింపుకుపోతూనే ఉన్నాడు. ఈసారి చేతిలో ఒక కాగితం కూడా ఉంది.

"ఆవుల్ని ఇక వాగులో తాగనివ్వకండమ్మా. పైన గుట్టగా పోసిన గని రాళ్లలోంచి వాననీరు ఊరి వస్తోంది. దాంతో యురేనియం దిగొచ్చి అడుగు బురదలో పేరుకుంటోంది."

"నీళ్లు తేటగానే ఉన్నాయిగా?"

"తేటగానే ఉంటాయమ్మా. అది కంటికి కనబడదు."

డెబ్భై రెండేళ్ల యూగెట్‌కు వాదించే ఓపిక లేదు. భర్త పోయాడు, పద్నాలుగు ఆవులు మిగిలాయి. కంచె వేయడానికి మరిది లియోన్స్‌ను పిలిచింది. అతను ఆ గనిలో లారీ తోలినవాడు. గనిని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోడు.

"ఆ సీసాలాయనకి పనేం లేదు వదినా! పాతికేళ్లు ఆ దుమ్ము పీల్చాను, చచ్చానా?"

"చావలేదులే, అందుకేగా పిలిచాను. గునపం పట్టు."

రెండో రోజు, ఆవులు నీళ్లకు దిగే రేవు దగ్గర గుంజకు గుంట తవ్వుతుంటే గునపం ఖంగుమంది. మట్టి కింద అంతా బూడిదరంగు కంకర. లియోన్స్ వంగి ఒక రాయి తీసి చూశాడు. గునపం పక్కన పడేసి గట్టు మీద కూలబడ్డాడు.

"ఇవి నేను తోలినవే వదినా. ఆవులు బురదలో దిగబడుతున్నాయని అన్నయ్య అంటే, గనివాళ్లు ఊరికే ఇస్తున్నారు కదా అని ఆరు లారీలు పోశాను."

"తెలుసు. ఆ రోజు నీకు కుందేలు కూర వండిపెట్టింది ఎవరనుకున్నావ్?"

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాటైనా అనలేదేం?"

"ఏమనమంటావ్? కాళ్లకు బురదంటకుండా ఆ రాళ్ల మీదే నేనూ నడిచానుగా. లే, పొద్దు పోతోంది."

అతను లేచాడు. ఆపైన గనిని వెనకేసుకొచ్చే మాట ఒక్కటీ అతని నోట రాలేదు.

కంచె పూర్తయింది. గొట్టం వేసి కుళాయి నీళ్లు తొట్టిలోకి పట్టారు. మూడు రోజులు ఆవులు కంచెకు మెడలు ఆనించి వాగువైపు చూస్తూ అరిచాయి. నాలుగో రోజు ముసలావు తొట్టిలో మూతి పెట్టింది. మిగతావీ దాని వెనకే వచ్చాయి.

మరుసటి నెల ఆఫీసు మనిషి వచ్చినప్పుడు ఆరు లారీల సంగతి లియోన్సే చెప్పాడు.

"ఎప్పుడు తవ్వి తీసుకుపోతారు?"

"పైకి రాస్తానండి. ఎప్పుడన్నది నా చేతిలో లేదు."

ఎవరో వచ్చి కొలతలు తీసుకుని, రేవు దగ్గర ఎర్ర గుడ్డ కట్టిన కర్ర పాతి వెళ్లారు. తర్వాత ఎవరూ రాలేదు. ఆ చలికాలం గొట్టంలో నీళ్లు గడ్డకట్టాయి. వదినా మరిదీ మంచు కరిగేదాకా ఇంట్లోంచి బకెట్లతో మోశారు.